‘ఫీజు వాపసు ఇవ్వబడదు’ అన్నదే ఆఖరి మాట కాదు
జిమ్ మెంబర్‌షిప్ తగాదా: ఫిర్యాదు రాయడం, పరిష్కరించుకోవడం



మన సొసైటీ ఆఫీసుకు స్కాలర్‌షిప్ ఫారాలు, పింఛను కాగితాలు పట్టుకుని వచ్చేవారు ఎప్పుడూ ఉన్నారు. ఈ మధ్య జిమ్ రశీదులు పట్టుకుని కూడా వస్తున్నారు. ఇందులో ఆశ్చర్యం లేదు. షుగర్, బీపీ ఉన్నవారికి డాక్టర్లు వ్యాయామం చేయమంటున్నారు. కానిస్టేబుల్ ఉద్యోగాలకు తయారయ్యే పిల్లలు దేహదారుఢ్యం కోసం చేరుతున్నారు. నెలనెలా కడితే ఎక్కువ, ఏడాదికి ఒకేసారి కడితే తక్కువ అని జిమ్ వాళ్లు చెబుతారు. అప్పు చేసైనా ఒకేసారి కట్టేస్తారు.

చిక్కు అక్కడే మొదలవుతుంది. డబ్బు మొదటి రోజే చేతులు మారుతుంది, సేవ మాత్రం పన్నెండు నెలలపాటు అందాలి. మధ్యలో తేడా వస్తే డబ్బు వాళ్ల దగ్గర, రశీదు మన దగ్గర మిగులుతాయి. ఆ రశీదు అడుగున ‘ఫీజు వాపసు ఇవ్వబడదు’ అని చిన్న అక్షరాల్లో ఉంటుంది. చాలామంది అది చదివి ఊరుకుంటారు. ఊరుకోనక్కర లేదని, అలాగని గొడవ పడనక్కరా లేదని చెప్పడానికే ఈ వ్యాసం.

ముందు తేల్చుకోవలసినది

మా దగ్గరకు వచ్చినవారిని మేము మొదట అడిగేది ఒక్కటే: జిమ్ మానేసింది మీరా, ఇస్తామన్నది ఇవ్వనిది వాళ్లా?

నాలుగు రోజులు వెళ్లి బద్ధకించి మానేస్తే మన పక్షం బలహీనం. ఒప్పందంలో ఉన్నదే చాలావరకు చెల్లుతుంది. ఆరోగ్యం చెడి వెళ్లలేకపోతే డాక్టర్ సర్టిఫికెట్ జతచేసి, కొన్ని నెలలు మెంబర్‌షిప్ ఆపి ఉంచమనీ, లేదా ఇంట్లో మరొకరి పేరుకు మార్చమనీ మర్యాదగా అడగవచ్చు. చాలా జిమ్‌లు ఇందుకు ఒప్పుకుంటాయి.

జిమ్ మూతపడినా, దూరానికి తరలిపోయినా, చెప్పిన ట్రైనర్‌ని, చెప్పిన సమయాన్ని తీసేసినా సంగతి వేరు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం దీన్ని ‘సేవా లోపం’ అంటుంది. ఈ చట్టం 2020 జూలై 20 నుంచి అమల్లో ఉంది. లోపమున్న సేవను నిలిపివేసి, తీసుకున్న సొమ్మును రశీదులో రాసిన గడువులోగా, గడువు రాయకపోతే 30 రోజుల్లోగా తిరిగి ఇవ్వడానికి నిరాకరించడాన్ని ఇదే చట్టం అనుచిత వ్యాపార పద్ధతుల్లో చేర్చింది. సేవకు బిల్లు ఇవ్వకపోవడం కూడా ఆ జాబితాలోనే ఉంది. కాబట్టి తప్పు జిమ్ వైపు ఉన్నప్పుడు రశీదు అడుగున ఉన్న ఆ ఒక్క వాక్యం వాళ్లను కాపాడలేదు.

ఒక ఉదాహరణ

మన బస్తీలోని ఒక సోదరి మోకాళ్ల నొప్పులకు డాక్టర్ చెప్పారని ఒక జిమ్‌లో చేరారు. ఉదయం 11 నుంచి 1 గంట వరకు ఆడవాళ్లకు మాత్రమే బ్యాచ్, లేడీ ట్రైనర్ ఉంటారు అన్న మాట మీదే ఆమె చేరారు. ఏడాదికి 18,000 రూపాయలు కట్టారు. మూడు నెలలు బాగానే నడిచింది. తర్వాత లేడీ ట్రైనర్ మానేశారు, ఆ వేళల్లో మగవాళ్లను కూడా రానివ్వడం మొదలుపెట్టారు. అడిగితే, “జిమ్ తెరిచే ఉంది కదమ్మా, మీరు రాకపోతే మేమేం చేస్తాం?” అన్నారు.

ఆమె మా దగ్గరకు వచ్చినప్పుడు చేతిలో రశీదు తప్ప ఏమీ లేదు. రశీదులో లేడీస్ బ్యాచ్ ప్రస్తావన లేదు. అయితే చేరే ముందు జిమ్ వాళ్లు వాట్సాప్‌లో పంపిన ప్రకటన ఆమె ఫోన్‌లోనే ఉంది. అందులో ‘మహిళలకు ప్రత్యేక సమయం, మహిళా శిక్షకురాలు’ అని స్పష్టంగా రాసి ఉంది. ఫిర్యాదుకు అదే ఆధారమైంది.

ఎంత అడగాలన్న దగ్గర కొంచెం చర్చ జరిగింది. ఆమెకు కోపంతో మొత్తం 18,000 అడగాలని ఉంది. మూడు నెలల సేవ అందింది కదా ఆపా, ఆ మేరకు వాళ్లకు రావలసిందే అని మా వాలంటీర్లు చెప్పారు. నెలకు 1,500 చొప్పున మిగిలిన తొమ్మిది నెలలకు 13,500 అని లెక్క తేల్చి, ఆ మొత్తమే రాశాం. అడిగే మొత్తానికి లెక్క ఉంటే అవతలివారు బేరం పెట్టడం కష్టమవుతుంది.

అయినా బేరం వచ్చింది. జిమ్ వాళ్లు, “నెలవారీ రేటు 2,500. మూడు నెలలకు 7,500 పోతే 10,500 ఇస్తాం” అన్నారు. చాలా జిమ్‌లు చెప్పే లెక్క ఇదే. దీనికి జవాబు కూడా ఒకటే. ఆమె తనంతట తాను మానేసి ఉంటే ఆ లెక్క గురించి ఆలోచించవచ్చు. ఆమె ఏడాది ఉండటానికి సిద్ధపడి ఏడాది రేటు కట్టారు. బ్యాచ్ తీసేసింది జిమ్. తీసేసినవారు తమ రాయితీని వెనక్కి లాక్కోవడం న్యాయం కాదు. ఈ సంగతే రాతపూర్వకంగా చెప్పాం, జాతీయ హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు కూడా నమోదు చేయించాం. కొన్ని వారాల తర్వాత 13,500 ఆమె ఖాతాలో పడ్డాయి. కోర్టు మెట్లు ఎక్కవలసిన పని రాలేదు.

మొదటి మెట్టు: కాగితాలు, ఉత్తరం

రశీదు, సంతకం పెట్టిన ఫారం, డబ్బు కట్టినట్టు బ్యాంకు లేదా యూపీఐ వివరం, ప్రకటనలు, వాట్సాప్ మెసేజ్‌లు ఒక చోట చేర్చండి. ఫోన్‌లో ఉన్నవాటికి స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకోండి. ఫోన్‌లో మాట్లాడినది లెక్కలోకి రాదు. మాట్లాడిన వెంటనే, “ఇందాక మీరు ఫోన్‌లో ఇలా అన్నారు” అని మెసేజ్ పెడితే అదే సాక్ష్యమవుతుంది.

ఆ తర్వాత జిమ్ యజమానికి ఉత్తరం. కౌంటర్‌లో కూర్చునే అబ్బాయితో వాదన పెట్టుకోకండి. అతను జీతానికి పనిచేసేవాడు, అతని చేతిలో ఏమీ ఉండదు. ఉత్తరం ఒక పేజీ దాటకూడదు. ఇలా రాస్తే సరిపోతుంది:

“అయ్యా, నేను ఫలానా తేదీన ఫలానా నంబరు రశీదుతో 12 నెలల మెంబర్‌షిప్‌కు 18,000 రూపాయలు చెల్లించాను. ఉదయం 11 నుంచి 1 వరకు మహిళలకు ప్రత్యేక బ్యాచ్ ఉంటుందని మీరు పంపిన ప్రకటన చూసి చేరాను. ఫలానా తేదీ నుంచి ఆ బ్యాచ్ నిలిపివేశారు. నేను వాడుకున్నది 3 నెలలు. మిగిలిన 9 నెలలకు 13,500 రూపాయలు ఈ ఉత్తరం అందిన 15 రోజుల్లోగా నా ఖాతాకు పంపగలరు. లేనిపక్షంలో వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయించవలసి వస్తుంది. రశీదు, ప్రకటన నకళ్లు జతచేశాను.”

తిట్లు వద్దు, బెదిరింపులు వద్దు. ఏం జరిగింది, ఎప్పుడు జరిగింది, ఎంత కావాలి, ఎప్పటిలోగా కావాలి అన్న నాలుగూ ఉంటే చాలు. స్పీడ్ పోస్టులో పంపి, పోస్టాఫీసు రశీదు దాచండి. అదే ఉత్తరాన్ని ఈమెయిల్, వాట్సాప్‌లో కూడా పంపండి. అసలు కాగితాలు ఎవరికీ ఇవ్వకండి, నకళ్లే ఇవ్వండి.

రెండో మెట్టు: 1915

జవాబు రాకపోతే కేంద్ర ప్రభుత్వ జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు. తెలుగులోనూ మాట్లాడవచ్చు. ఖర్చు లేదు. ఫిర్యాదుకు ఒక నంబరు ఇస్తారు, దాన్ని రాసి పెట్టుకోండి. వాళ్లు ఫిర్యాదును జిమ్‌కు పంపి జవాబు అడుగుతారు. ఇది కోర్టు కాదు, డబ్బు ఇమ్మని ఆదేశించే అధికారం వాళ్లకు లేదు. కానీ ప్రభుత్వం నుంచి ఉత్తరం వచ్చిందంటే మాట వినే యజమానులు చాలామందే ఉన్నారు.

మూడో మెట్టు: జిల్లా కమిషన్

అప్పటికీ కదలిక లేకపోతే జిల్లా వినియోగదారుల వివాదాల పరిష్కార కమిషన్ ఉంది. దీని గురించి మనవాళ్లలో ఉన్న భయాలు చాలావరకు అక్కర లేనివి.

మొదటిది ఖర్చు భయం. సేవకు చెల్లించిన మొత్తం 5 లక్షల రూపాయల లోపు ఉంటే కమిషన్‌కు ఫీజు లేదు. రెండోది లాయరు. పెట్టుకుంటే పెట్టుకోవచ్చు, తప్పనిసరి కాదు. మన కేసు మనమే చెప్పుకోవచ్చు. మూడోది దూరం. జిమ్ ఎక్కడున్నా, మనం నివసించే లేదా పనిచేసుకునే చోటి జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు. ఈ సౌకర్యం పాత 1986 చట్టంలో లేదు, కొత్త చట్టంలో వచ్చింది. ఈ-జాగృతి వెబ్‌సైట్ ద్వారా ఇంటి నుంచే దాఖలు చేయవచ్చు.

గడువు మాత్రం మరవకూడదు. తగాదాకు కారణం పుట్టిన రోజు నుంచి రెండేళ్లలోగా ఫిర్యాదు వేయాలి. ఫిర్యాదు అందిన తర్వాత జవాబు ఇవ్వడానికి జిమ్‌కు 30 రోజులు, కమిషన్ అనుమతిస్తే మరో 15 రోజులు ఉంటాయి. ఆపైన పొడిగింపు లేదని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2020 మార్చిలో తేల్చి చెప్పింది. జవాబు ఇచ్చేవారికి నోటీసు అందిన నాటి నుంచి మూడు నెలల్లో తీర్పు రావాలని చట్టం అంటుంది. ఆచరణలో ఎక్కువ కాలమే పడుతుంది, ఓపిక ఉండాలి. రాజీకి వీలున్న కేసుల్లో ఇరుపక్షాల అంగీకారంతో మధ్యవర్తిత్వానికి కూడా పంపుతారు. ఆదేశం వచ్చాక దాన్ని పాటించకపోతే నెల నుంచి మూడేళ్ల వరకు జైలు, లేదా 25,000 నుంచి లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించే అధికారం కమిషన్‌కు ఉంది.

వాయిదాల మీద కట్టినవారు

కొన్ని జిమ్‌లు ఫీజును ఏదో ఒక రుణ సంస్థ ద్వారా ఈఎంఐగా మారుస్తాయి. అప్పుడు మన తగాదా జిమ్‌తో, అప్పు మాత్రం రుణ సంస్థతో. జిమ్ మూసేశారన్న కోపంతో వాయిదా ఆపేస్తే మన సిబిల్ స్కోరు దెబ్బ తింటుంది, రేపు ఇంటికో బండికో రుణం దొరకదు. ముందుగా రుణ సంస్థకు రాతపూర్వకంగా తెలియజేయండి. 30 రోజుల్లో సరైన జవాబు రాకపోతే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయవచ్చు. అందుకూ ఫీజు లేదు.

అప్పు లేకుండా నెలనెలా ఖాతా నుంచి తానుగా కోతపడే యూపీఐ ఆటోపే అయితే దాన్ని మన యాప్‌లోనే రద్దు చేసుకోవచ్చు. రద్దు చేసిన సంగతి జిమ్‌కు కూడా రాయండి.

రాత్రికి రాత్రే తాళం పడితే

బోర్డు మీద ఉండే పేరు ఒకటి, అసలు యజమాని పేరు మరొకటి. బిల్లు మీద జీఎస్టీ నంబరు ఉంటే జీఎస్టీ వెబ్‌సైట్‌లో దాన్ని వెతికి అసలు పేరు తెలుసుకోవచ్చు. ఫిర్యాదు ఆ పేరు మీదే ఉండాలి. డబ్బు పోయిన సభ్యులంతా కలిస్తే మంచిది. ఒకే రకం నష్టం జరిగినవారు కమిషన్ అనుమతితో అందరి తరఫున ఒకే ఫిర్యాదు వేసే వీలు చట్టంలో ఉంది. మూసేస్తామని తెలిసి కూడా ఆఖరి రోజు వరకు ఏడాది ఫీజులు వసూలు చేసినట్టు ఆధారం ఉంటే అది మోసం కిందకు వస్తుంది, పోలీసులకు కూడా ఫిర్యాదు ఇవ్వవచ్చు.

వ్యాపారం చేసే మన దాతలకు

ఈ సంచిక చదివేవారిలో దుకాణాలు, కోచింగ్ సెంటర్లు, జిమ్‌లు నడిపేవారు కూడా ఉన్నారు. కౌంటర్‌కు అటువైపు కూర్చునే మీకూ ఒక మాట. బిల్లు తప్పకుండా ఇవ్వండి. సమయం, ట్రైనర్, బ్యాచ్ వివరాలు కాగితం మీద రాయండి. సభ్యుడు మానేస్తే ఎంత, మీరే సేవ ఆపవలసి వస్తే ఎంత తిరిగి ఇస్తారో రెండూ వేర్వేరుగా, చదవగలిగే సైజు అక్షరాల్లో పెట్టండి. ఫిర్యాదు ఉత్తరం వస్తే వారంలోగా జవాబు రాయండి. చాలా తగాదాలు డబ్బు దగ్గర కాదు, జవాబు ఇవ్వకపోవడం దగ్గర ముదురుతాయి.

చదవడం రాయడం అంతగా రానివారి చేతిలోనే ఇలాంటి రశీదులు ఎక్కువగా పాడైపోతున్నాయి. మీ ఇంట్లో పనిచేసే అమ్మాయి దగ్గరో, మీ దుకాణంలో కుర్రాడి దగ్గరో అలాంటి కాగితం కనబడితే ఒక అరగంట వెచ్చించి ఉత్తరం రాసిపెట్టండి. తేదీ వేయడం, పోస్టు రశీదు దాచమని చెప్పడం మరవకండి.