పాటతో పట్టుబడే గోండి భాష

ఉట్నూరు: ప్రధాన్లలో పలువురి ఇంటి భాష మరాఠీ. అయినా గోండుల పురాణగాథలను గోండిలో తెల్లవార్లూ గానం చేయగల సామర్థ్యం వారిది. ఈ విద్య వారికి బడిలో అబ్బినది కాదు. తండ్రి కీక్రి వాయిస్తూ పాడుతుండగా పక్కన కూర్చొని వంత కలిపిన పిల్లవాడే కాలక్రమంలో గాయకుడవుతాడు. పాటతో పరాయి భాష నేర్వవచ్చునా అనే ప్రశ్నకు ఆదిలాబాద్‌ అడవుల్లో తరతరాలుగా లభిస్తున్న సమాధానమిది.

ప్రధాన్లు గోండులకు వంశపారంపర్య గాయకులు. పెర్సాపేన్‌ పూజల్లోనూ, కర్మకాండల్లోనూ వారి గానం తప్పనిసరి. గుహలో బందీలైన ఆదిమ గోండులను పహండి కుపార్‌ లింగు విడిపించిన వైనం, వారు నాలుగు సగలుగా విడిపోయిన తీరు ఈ గాథల్లో ప్రధానాంశాలు. ఆ సగల పేర్లు నాల్వేన్‌, సీవేన్‌, సార్వేన్‌, ఏర్వేన్‌. పూజించే దేవతల సంఖ్య నాలుగా, అయిదా, ఆరా, ఏడా అన్నది పేరులోనే ఇమిడి ఉంది. తనది ఏ సగ, ఏ సగతో పెళ్లి సంబంధం కుదురుతుంది అని తెలుసుకునే బాలునికి అంకెలూ, చుట్టరికాలూ ఏకకాలంలో వస్తాయి. ఏ వాచకమూ ఇంత పొదుపుగా పాఠం చెప్పలేదేమో!

ముఖ్య గాయకుని పాదాన్ని వంతగాళ్లు అందుకునే వ్యవధిలో విన్నవారికి అర్థం ఊహించే వీలు చిక్కుతుంది. తెలుగువారికి ఇందులో మరో వెసులుబాటు ఉన్నది. రెండూ ద్రావిడ భాషలే కనుక చేయి గోండిలో ‘కై’ అనీ, చెవి ‘కెవి’ అనీ వినిపిస్తుంది. మన ‘ఏరు’ అక్కడ ‘ఏర్‌’, అనగా నీరు.

2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో గోండి మాతృభాషగా గలవారు సుమారు 30 లక్షలు. అయినా రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులో దానికి చోటు లేదు. హైమన్‌డార్ఫ్‌ చొరవతో 1943లో మార్లవాయిలో ఉపాధ్యాయ శిక్షణ కేంద్రం వెలసి, దేవనాగరి లిపిలో గోండి వాచకాలు వచ్చాయి. ఆ ప్రయత్నం నిలువలేదు. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌ ప్రభుత్వం 8 గిరిజన భాషల్లో ప్రాథమిక బోధన ఆరంభించినప్పుడు గోండి, కొలామీలకూ స్థానం దక్కింది. నార్నూరు మండలం గుంజాలలో వెలుగుచూసిన గోండి లిపి 2018లో యూనికోడ్‌లో చేరింది.

లిపి కంప్యూటరుకు ఎక్కినా, ఒకటో తరగతి గదిలోని ఇబ్బంది వేరు. పిల్లవాడి గోండి పంతులుకు తెలియదు. పంతులు తెలుగు పిల్లవాడికి తెలియదు. ఈ దూరాన్ని తగ్గించడానికి పాటకు మించిన సాధనం దగ్గరలో లేదు. స్పానిష్‌ నేర్పే తరగతుల్లో పాట వినిపించి, కాగితంపై వదిలిన ఖాళీలను విద్యార్థులచేత పూరింపజేయడం ఎన్నో దేశాల్లో ఉన్నదే. దండారీ పాటతోనూ ఆ పని చేయవచ్చు. అయితే గాథల భాష పాతది, మరాఠీ కలిసినది. పాట కంఠస్థమైనంత మాత్రాన సంతలో బేరమాడలేరు. కనుక పాట వెంటనే దానిలోని మాటలతో సంభాషణ జరిపించాలి.

నేర్పగలవారు తరిగిపోవడమే అసలు ఆందోళన. గుస్సాడీ నృత్యానికి 2021లో పద్మశ్రీ పొందిన మార్లవాయి వాసి కనకరాజు 2024 అక్టోబరులో కన్నుమూశారు. నృత్యానికి చూసే కన్నులున్నాయి. కీక్రి గాథను రాత్రంతా కూర్చొని వినే ఓపిక కొరవడుతోంది. వినేవారు లేనిదే వంతగాడు పుట్టడు. ప్రధాన్‌ గాయకుని వారానికొక పూట గౌరవ వేతనంపై బడికి పిలిపించడం ప్రభుత్వానికి మోయలేని భారమేమీ కాదు.

ఉపాధ్యాయులు నేర్చుకోదలిస్తే అదును కూడా ఉన్నది. దీపావళికి ముందు దండారీ బృందాలు డప్పు, పెప్రెలతో ఊరూరా తిరుగుతాయి. సరిగ్గా ఆ రోజుల్లోనే పండుగకు పంతుళ్లు మైదాన ప్రాంతాల్లోని తమ ఇళ్లకు బస్సెక్కుతారు.