డ్రయ్యర్ తిరుగుతోంది.. కానీ వేడి రావట్లేదా? మెకానిక్‌కు ఫోన్ చేసే ముందు ఇవి చూడండి

నల్గొండ, మహబూబ్‌నగర్: ముసురు పట్టిందంటే చాలు.. దండెం మీద బట్టలు రెండ్రోజులైనా ఆరవు. ఎండాకాలమంతా పట్టించుకోని డ్రయ్యర్ అప్పుడే గుర్తొస్తుంది. తీరా వేస్తే డ్రమ్ తిరుగుతుంది గానీ బట్టలు తడిగా, చల్లగానే బయటకొస్తాయి. ఫోన్‌లో ఓ వీడియో చూసి మిషన్ వెనక రేకు విప్పేవాళ్లు కొందరు. హీటర్ మార్చాలనగానే డబ్బులు కట్టేసేవాళ్లు ఇంకొందరు. అంతకంటే ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది. మీ ఇంట్లో ఉన్నది ఏ డ్రయ్యర్?

మన దగ్గర చాలా ఇళ్లలో రెండు టబ్బుల సెమీ ఆటోమేటిక్ మిషనే ఉంటుంది. ఒకదాంట్లో ఉతుకుతారు, రెండోదాన్ని అందరూ డ్రయ్యర్ అనే పిలుస్తారు. మామూలుగా అందులో హీటరే ఉండదు. బట్టల్ని గిర్రున తిప్పి నీళ్లను బయటకు కొట్టేస్తుంది, అంతే! ఆ తర్వాత బట్టలు కాస్త తడిగా ఉండటం రిపేర్ కిందికి రాదు. ఎయిర్ డ్రై బటన్ ఉన్న చాలా టాప్ లోడ్ మిషన్లూ ఇంతే, గాలి తప్ప వేడి ఉండదు. రెండు టబ్బుల మిషన్‌కు ‘డ్రయ్యర్ హీటర్ పోయింది’ అని ఎవరైనా చెబితే, ఆ పార్టు చూపించమని అడగండి.

వేడి గాలితో ఆరబెట్టేవి విడిగా దొరికే టంబుల్ డ్రయ్యర్లు, ఫ్రంట్ లోడ్ వాషర్ డ్రయ్యర్లు. వీటిలో ముందు మోడ్ చూడండి. కూల్ లేదా ఎయిర్ మోడ్‌లో పెడితే వేడి రాదు. తర్వాత లోడ్. 8 కిలోలు ఉతికే వాషర్ డ్రయ్యర్ చాలా మోడళ్లలో 5 కిలోల దాకానే ఆరబెట్టగలదు. ఉతికినవన్నీ అలాగే వదిలేస్తే లోపలి బట్టలు పచ్చిగానే ఉంటాయి.

ఇంకొకటి చాలామందికి తెలియదు. చాలా వాషర్ డ్రయ్యర్లు ఆరబెట్టేటప్పుడు కూడా చన్నీళ్లు వాడుకుంటాయి, ఆవిరిని చల్లబరచడానికి. ఉతకడం అయిపోయిందని నల్లా కట్టేసినా, ట్యాంకు ఖాళీ అయినా డ్రయ్యింగ్ దెబ్బతింటుంది. బోరు నీళ్లు వాడే ఇళ్లలో పైపు దగ్గరుండే చిన్న జాలీ తెల్లటి పొరతో మూసుకుపోతుంది. దాన్ని విప్పి కడిగితే సరిపోతుంది. నల్గొండ అనగానే ఫ్లోరైడ్ మీదికే మాట పోతుంది గానీ, ఈ పొరకు కారణం నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం. ఇది నీళ్లు కాచే హీటర్‌కు పట్టుకుంటుంది. గాలిని వేడిచేసే హీటర్ జోలికి పోదు.

కరెంటు సంగతి మరొకటి. వోల్టేజీ కొంచెం తగ్గినా వేడి బాగా తగ్గుతుంది. 230 వోల్టుల దగ్గర 2,000 వాట్లు ఇచ్చే హీటర్, 180 వోల్టులకు పడిపోతే సుమారు 1,225 వాట్లే ఇస్తుంది. మిషన్‌లో తప్పేం లేదు, టైమే ఎక్కువ పడుతుంది. ఇల్లంతా లో వోల్టేజీ ఉంటే 1912కి ఫిర్యాదు చేయండి. ఇంత లోడ్‌కు 16 ఆంప్స్ సాకెట్ ఉండాలి. ఎక్స్‌టెన్షన్ బాక్స్ అస్సలు వద్దు.

అమెరికా వీడియోలతో మాత్రం జాగ్రత్త. అక్కడి ఎలక్ట్రిక్ డ్రయ్యర్లకు 240 వోల్టులు రెండు లైన్లుగా వస్తాయి. ఒకటి పోతే మోటార్ తిరుగుతుంది, హీటర్ పనిచేయదు. అందుకే అక్కడ ముందు బ్రేకర్ చూడమంటారు. పిల్లల దగ్గరికి డాలస్ వెళ్లిన అమ్మానాన్నలకు ఈ చిట్కా పనికొస్తుంది. మిర్యాలగూడలో పనికిరాదు, ఇక్కడ చాలా ఇళ్లకు వచ్చేది సింగిల్ ఫేజ్ 230 వోల్టులే.

ఇవన్నీ సరిగ్గానే ఉన్నా వేడి రాకపోతే థర్మల్ ఫ్యూజ్, థర్మోస్టాట్, హీటర్ కాయిల్‌లో ఏదో ఒకటి పోయి ఉండొచ్చు. అసలు ప్రమాదం ఇక్కడే. లోపల వేడి హద్దు దాటినప్పుడు లైన్ తెంపేయడమే థర్మల్ ఫ్యూజ్ పని. ‘వైరు డైరెక్ట్ కలిపేస్తా, నడుస్తుంది’ అనే మెకానిక్‌కు అస్సలు ఒప్పుకోవద్దు. నడుస్తుంది, నిజమే. కానీ ఈసారి వేడి పెరిగితే ఆపేదేమీ ఉండదు. బట్టల నుంచి రాలిన నూగు లోపల పేరుకుని ఉంటే నిప్పంటుకోవడానికి అదే చాలు. అమెరికా ఫైర్ అడ్మినిస్ట్రేషన్ 2008-2010 లెక్కల్లో ఇళ్లలో డ్రయ్యర్ మంటలు ఏటా సుమారు 2,900. వాటికి మొదటి కారణం శుభ్రం చేయకపోవడమే.

ఫ్యూజ్ ఊరికే పోదు. నూగు ఫిల్టర్ మూసుకుపోయినా, గాలి బయటకు పోయే గొట్టం గోడకు నొక్కుకుపోయినా లోపల వేడి పెరుగుతుంది. ఫిల్టర్‌ను ప్రతిసారీ తుడవాలి, గొట్టాన్ని వంపు లేకుండా ఉంచాలి. రేకు విప్పే పని టెక్నీషియన్‌కే వదిలేయండి, అదీ ప్లగ్ తీసేశాకే. కొత్త ఫ్యూజ్ వేయించిన కొద్దిరోజులకే మళ్లీ పోతే ఇంకో ఫ్యూజ్ కొనకండి, థర్మోస్టాట్, ఫ్యాన్ చెక్ చేయమని చెప్పండి.