ఘాట్ దిగేటప్పుడే గండం
బ్రేకు ఒక్కటే కాపాడదు.. గేరు, బరువు కీలకం

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి: ఈ మూడు జిల్లాల్లో పేరుమోసిన కనుమ దారులు లేవు. అయినా కొండ దారిలో ప్రయాణించని కుటుంబాలు ఇక్కడ అరుదు. యాదగిరిగుట్ట, కొండగట్టు, శ్రీశైలం, తిరుమల.. మొక్కు తీర్చుకోవాలంటే ఘాట్ రోడ్డు ఎక్కవలసిందే. చదును రోడ్లకే అలవాటు పడిన డ్రైవరు, అద్దెకు మాట్లాడుకున్న బండి, సీట్లకు మించిన జనం. కొండ ఎక్కుతున్నంత సేపూ అందరూ గుండె చిక్కబట్టుకుంటారు. దర్శనం ముగిశాక నిద్రలోకి జారుకుంటారు. అసలు గండం మొదలయ్యేది అప్పుడే.

2018 సెప్టెంబరు 11, మంగళవారం. జగిత్యాల జిల్లా కొడిమ్యాల మండలం శనివారంపేట నుంచి జగిత్యాలకు వెళ్తున్న ఆర్టీసీ బస్సు కొండగట్టు ఘాట్ దిగుతూ లోయలో పడింది. అరవై మందికి పైగా దుర్మరణం చెందారు. బస్సులో దాదాపు వంద మంది ఉన్నారు. బ్రేకులు పని చేయలేదా, డ్రైవరుదా తప్పు అన్న చర్చ అప్పట్లో విస్తృతంగా సాగింది. అయితే బ్రేకును, డ్రైవరును కూడా నిస్సహాయం చేయగలిగినది బరువు.

బ్రేకు ఎందుకు పట్టదు?

బ్రేకు అన్నది వేగాన్ని వేడిగా మార్చే సాధనం. చదును రోడ్డుపై ఒకసారి తొక్కితే పుట్టిన వేడి కాసేపటికి చల్లారుతుంది. ఏటవాలులో ఆ విరామం దొరకదు. బండి తన బరువుతో తానే ముందుకు తోసుకుపోతుంది. డ్రైవరు అదేపనిగా బ్రేకు తొక్కితే డ్రమ్ములు, లైనింగులు కాగిపోయి పట్టు జారుతుంది. బరువు రెట్టింపైతే వేడీ రెట్టింపు. వేగం రెట్టింపైతే ఆపడానికి కావలసిన శక్తి నాలుగింతలు. పెద్ద బస్సుల్లో మరో చిక్కు ఉంది. మాటిమాటికీ తొక్కితే ట్యాంకులోని గాలి పీడనం తగ్గిపోతుంది. విచిత్రమేమంటే, చల్లారిన తరువాత వర్క్‌షాపులో పరీక్షిస్తే అవే బ్రేకులు బాగానే కనిపించవచ్చు.

అందుకే అనుభవజ్ఞులైన డ్రైవర్లు ఏ గేరులో కొండ ఎక్కారో అదే గేరులో దిగుతారు. అప్పుడు ఇంజనే బండిని వెనక్కి పట్టి ఉంచుతుంది. అయితే గేరు తగ్గించవలసింది వాలు మొదలు కాకముందే. వేగం అందుకున్నాక ప్రయత్నిస్తే గేరు పడకపోవచ్చు, బండి న్యూట్రల్‌లో ఉండిపోవచ్చు. డీజిల్ ఆదా అవుతుందని కావాలనే న్యూట్రల్‌లో దింపడం ఆత్మహత్యా సదృశం.

వేర్వేరు దారులు

తిరుమలలో ఎక్కడానికి ఒక ఘాట్, దిగడానికి మరొక ఘాట్ ఉన్నాయి. ఎదురుబొదురు వాహనాల బెడద లేదు. అంతటితో ఆగక ప్రయాణానికి కనీస సమయం విధించారు. ఎక్కడానికి 28 నిమిషాలు, దిగడానికి 40 నిమిషాలు. దిగడానికే ఎక్కువ సమయం కేటాయించడం గమనార్హం. మేడారం జాతరలో పస్రా మీదుగా వెళ్లిన ప్రైవేటు వాహనాలను భూపాలపల్లి, పరకాల మీదుగా తిప్పి పంపడం వెనుక ఉన్నదీ ఎదురు రాకపోకలు లేకుండా చూడాలన్న ఆలోచనే. జాతరకు సాధ్యమైన కట్టుదిట్టం ఇతర కొండ క్షేత్రాల్లో రద్దీ రోజులకైనా వర్తింపజేయవచ్చు.

పరిమితికి మించి ఎక్కించుకుంటే ఒక్కొక్కరికి రూ.200 చొప్పున జరిమానా వేసే నిబంధన 2019 చట్ట సవరణతో వచ్చింది. కానీ రోజుకు ఒకటో రెండో బస్సులు వచ్చే ఊరిలో ఎక్కవద్దని ఎవరికి చెప్పగలరు? రద్దీకి తగ్గట్టు బస్సులు నడపకుండా జరిమానాలతో కిక్కిరిసిన బస్సులను ఖాళీ చేయించడం అసాధ్యం.

ప్రయాణికుల చేతిలో ఉన్నదీ కొంత ఉంది. బండి మాట్లాడుకునేటప్పుడు ఘాట్‌లో నడిపిన అనుభవం ఉందా అని డ్రైవరును అడగాలి. దిగుతుండగా కాలిన వాసన వస్తే మొహమాటపడకుండా బండిని విశాలమైన చోట పక్కకు ఆపించాలి. కాగిన డ్రమ్ములపై నీళ్లు చల్లరాదు, అవి పగిలే ప్రమాదం ఉంది. వాటంతట అవే చల్లారే వరకు, అరగంటైనా సరే, ఆగవలసిందే.