సూది పడితేనే నొప్పి పోతుందా?

పసుపు తవ్వకాల రోజుల్లో ఆర్మూర్ చుట్టుపక్కల ఊళ్లలో పొద్దుగూకితే ఆర్‌ఎంపీ ముందు బెంచీ ఖాళీగా ఉండదు. రోజంతా వంగి కొమ్ములు విరిచిన నడుములు, ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుట్టి తిమ్మిరెక్కిన వేళ్లు అక్కడికే చేరతాయి. మాత్ర ఇస్తే ముఖం చిన్నబోతుంది. "గింత గోలితో ఏమైతది సారూ, ఒక సూదెయ్యుండ్రి. పొద్దుగాల మళ్ల పనికి పోవాలె."

సూది మీది ఈ గురి ఒట్టి మూఢనమ్మకం కాదు. ఇటలీలోని ట్యూరిన్‌లో ఫాబ్రిజియో బెనెడెట్టి బృందం ఆపరేషన్ అయినవాళ్లకు నొప్పి మందు రెండు విధాలుగా ఇచ్చి చూసింది. కొందరికి డాక్టరే పక్కన నిలబడి, చెప్పి మరీ ఇచ్చారు. మరికొందరికి యంత్రం తెలియకుండా ఎక్కించింది. మందు ఒక్కటే అయినా, తెలిసి తీసుకున్నవాళ్లకే నొప్పి ఎక్కువ తగ్గింది. తగ్గుతుందన్న నమ్మకం కుదిరితే మెదడు తన సొంత నొప్పి మందు విడుదల చేసుకుంటుంది. బెణికిన కాలికి అవ్వ పసుపూ సున్నమూ పట్టు వేసేటప్పుడు, సగం పని ఆమె చేతిదే అనుకుంటాను.

నొప్పికి మనం చెప్పుకునే అర్థం కూడా దాన్ని పెంచుతుంది, తగ్గిస్తుంది. రెండో ప్రపంచయుద్ధంలో తీవ్రంగా గాయపడిన సైనికుల్లో ముప్పాతిక మంది నొప్పి మందు వద్దన్నారని హెన్రీ బీచర్ అనే అమెరికన్ డాక్టర్ 1946లో రాశాడు. గాయమంటే వాళ్లకు యుద్ధం నుంచి ప్రాణాలతో బయటపడడమని ఆయన వివరణ. కూలికి పోయే మనిషికి నడుం నొప్పి అంటే రేపటి కూలి పోవడం. ఆ భయం తోడైతే అదే నొప్పి ఇంకా ఎక్కువ బాధిస్తుంది.

అలాగని సూదికి మహిమ అంటగట్టొద్దు. డైక్లోఫెనాక్ సూదిలో ఉన్నా గోలిలో ఉన్నా మందు అదే; సూది కాస్త ముందుగా పనిచేస్తుంది, అంతే. వారానికి రెండుసార్లు వేయించుకుంటూ పోతే కడుపులో పుండ్లు పడొచ్చు, కిడ్నీలు దెబ్బతినొచ్చు.

నాకు ఎక్కువ కోపం తెప్పించేది మరొకటి. ఆడవాళ్లు నొప్పి అంటే "జర ఓర్సుకో" అనే మాట ఇంట్లోనూ వినపడుతుంది, ఆసుపత్రి వరండాలోనూ వినపడుతుంది. అది విని విని డాక్టరు ముందు కూడా "నడుం నొస్తుంది" అని ఊరుకుంటారు. మన దగ్గర మాటలకు కొదవా? సలుపు వేరు, పోటు వేరు, గుంజుడు వేరు. మంట, తిమ్మిరి కలిసి కాలిలోకి దిగితే నరం సంగతి కావచ్చు. ఏ మాట సరిపోతే ఆ మాటే చెప్పండి. ఎప్పుడు మొదలైందో, ఏ పనిచేస్తే పెరుగుతుందో కూడా చెప్పండి. నడుం నొప్పితో పాటు జ్వరం వచ్చినా, కాళ్లు పట్టు తప్పినా, మూత్రం మీద అదుపు పోయినా సూది కోసం బెంచీ మీద కూర్చోకండి. ఆ రోజే ఏరియా ఆసుపత్రికి వెళ్లండి.