దీపమారిన యింట మ్రోగు ఫోను

పదకొండవనాటి కర్మ ముగిసి, దూరపు బంధువులు న్యూఢిల్లీ స్టేషనుకు బయలుదేరి, ఇంటిలో గొంతులు తగ్గిన పిదప, ద్వారకలోనో, మయూర్ విహార్‌లోనో, నోయిడాలోనో స్థిరపడిన తెలుగు కుటుంబములో పెద్దకుమారుడు తండ్రిగారి కాగితముల సంచి ముందుకు లాగుకొని కూర్చుండును. కార్పొరేషనువారి మరణ ధ్రువపత్రము, పింఛను పుస్తకము, జీవితబీమా బాండు, ఊరిలో మిగిలిన పొలము పాసుపుస్తకము ఒకటొకటిగా చేతికి తగులును. ప్రతిదానికి ఒక కార్యాలయము, ఒక దరఖాస్తు, ఎంత వంకరదైనను ఒక దారి కలదు. కడపట చేతికి వచ్చునది ఫోను. అది ఆరంకెలు అడుగును. ఆ అంకెలు పోయినవారికి తప్ప వేరొకరికి తెలియవు. అంతలో తెరపై ఏదో బ్యాంకు సందేశము మెరయును. సంగతి తెలియని పాత సహోద్యోగి యొకరు యథాప్రకారము శుభోదయము పంపుదురు.

స్వాతంత్ర్యము వచ్చిన తొలినాళ్లలో సచివాలయపు కొలువులకై ఉత్తరాదికి వచ్చిన మన పెద్దలు ఒక్కొక్క రేకుపెట్టెతో దిగిరి. యజమాని కాలము చేసినచో, కరోల్‌బాగ్ వీధిలో తాళములు బాగుచేయువానిని పిలిపించి ఆ పెట్టె మూత తీయించుట ఎవరికిని దోషముగా తోచలేదు. పెట్టెయు, అందలి సరకును వారసులవే గదా. నేటి పెట్టె అట్టిది కాదు. సొమ్ము బ్యాంకు వద్ద, వాటాలు డిపాజిటరీ వద్ద, ఛాయాచిత్రములును ఉత్తరములును సముద్రముల కావలి సంస్థల యంత్రశాలలలో నుండగా, మన చేతిలో నున్నది ఆ పెక్కు పెట్టెలకు ద్వారము మాత్రమే. అందు కొంత ధనము, కొంత జ్ఞాపకము, కొంత పరుల రహస్యము. తాళము చేతికి చిక్కుట వేరు, హక్కు సంక్రమించుట వేరు అను భేదమును ఏ తరమువారును ఇంత తీవ్రముగా ఎదుర్కొనలేదు.

ఈ సందిగ్ధములో మన ఇండ్లలో జరుగుచున్నదేమో దాచనక్కరలేదు. తండ్రి ఫోను అంకెలు తెలిసిన బిడ్డలు, మరణవార్త బ్యాంకునకు చేరకముందే, ఓటీపీలు చూచుకొని ఖాతాలోని సొమ్మును తమ ఖాతాలకు మళ్లించుకొనుచున్నారు. వైద్యశాల బాకీకో, కర్మకాండల ఖర్చునకో చేసిన పని గావున దానిని దొంగతనమనుటకు నా కలము సాగదు. అయినను 2000 నాటి సమాచార సాంకేతిక చట్టములోని 43వ సెక్షను, యజమాని అనుమతి లేనిదే కంప్యూటరులోనికి ప్రవేశించుటను తప్పుగా ఎంచినది. అదే పనిని వంచనాబుద్ధితో చేసినచో 66వ సెక్షను క్రింద 3 సంవత్సరముల వరకు చెఱ, 5 లక్షల రూపాయల వరకు జరిమానా. తోబుట్టువులలో ఒకరికి కోపము వచ్చినచాలు, ఆ ఓటీపీయే సాక్ష్యమై నిలుచును. తిన్నని దారి యిప్పుడు కొంత కురచయైనది కూడ. మరణించిన ఖాతాదారుల సొమ్మును, పత్రములన్నియు అందిన 15 దినములలో చెల్లించవలెననియు, వాణిజ్య బ్యాంకులలో 15 లక్షల రూపాయల వరకు, నామినీ లేకపోయినను, వారసత్వ ధ్రువపత్రము వంటివి కోరరాదనియు రిజర్వు బ్యాంకు 2025 సెప్టెంబరులో నిర్దేశించినది. అయితే నామినీ యనగా సొత్తుదారుడని భ్రమపడువారు నేటికిని పెక్కురు. వాటాల విషయములో నామినీ యజమాని కాడని, వారసత్వక్రమమును నామినేషను త్రోసివేయజాలదని సుప్రీంకోర్టు 2023 డిసెంబరులో స్పష్టపరచినది.

ధనము సంగతి యింతటితో ఒక కొలిక్కి వచ్చును. ధనము కాని దాని మాట యేమి?

పార్లమెంటు 2023 ఆగస్టులో చేసిన వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణ చట్టము 14వ సెక్షనులో, ప్రతి వ్యక్తియు తన మరణానంతరమునగాని, మతిస్థిమితము తప్పుటవలననో దేహము చెడుటవలననో అశక్తుడైనప్పుడుగాని, తన సమాచారముపై తనకున్న హక్కులను తన బదులు వినియోగించుటకు ఒకరిని నామినీగా నియమించుకొనవచ్చునని చెప్పినది. మరణమును, అశక్తతను ఒకే వాక్యములో చేర్చి తలచిన ఆ శాసనకర్తల ముందుచూపును నేను మనసార మెచ్చుకొందును. ఈ చట్టపు నియమములు 2025 నవంబరులో వెలువడినవి. ప్రధానమైన హక్కులు అమలులోనికి వచ్చుటకు 18 నెలల గడువిచ్చిరి గావున, ఈ సెక్షను 2027 మే నాటికిగాని జీవము పోసికొనదు. వివాదములు విచారించు సమాచార రక్షణ మండలి ప్రధాన కార్యాలయము ఈ రాజధాని ప్రాంతముననే యుండవలెనని నిర్ణయించిరి.

కాని నామినీకి సంక్రమించునది యేది? తన సమాచారమేది ఏ సంస్థ యెట్లు వాడుచున్నదో సంగ్రహముగా తెలిసికొనుట, తప్పులు దిద్దించుట, తుడిపివేయించుట, ఫిర్యాదు చేయుట. తండ్రి ఉత్తరముల పెట్టె తెరచి కుమారుని చేతికి ఇండని ఆ సెక్షనులో ఒక్క ముక్కయు లేదు. అంతేకాదు, చూచు అధికారముకంటె చెరిపించు అధికారమే అందు బలముగా కనబడుచున్నది. నామినీగా ఎంచుకొన్నవాడు, మిగిలిన బిడ్డలు చూడకముందే, ఒక జీవితకాలపు చిత్రములను తుడిపింపజూచిన ఆపువారెవరు? ఆ ఒక్క పేరు వ్రాయునప్పుడు చేయి కొంత తడవు ఆగవలెను.

ఢిల్లీ హైకోర్టు ఈ చిక్కుముడి యొక్క రెండు కొసలను వేర్వేరు వ్యాజ్యములలో పట్టుకొన్నది. నటుడు సుశాంత్ సింగ్ రాజ్‌పుత్ 2020లో మరణించిన పిమ్మట, అతని జీవితమును ఆధారము చేసికొని తీసిన చలనచిత్రమును ఆపవలెనని తండ్రి కోరగా, గోప్యతాహక్కు, వ్యక్తిత్వహక్కు ఆ వ్యక్తితోనే అంతరించునుగాని వారసులకు సంక్రమింపవని 2023 జూలైలో న్యాయమూర్తి సి. హరిశంకర్ తీర్పు చెప్పిరి. 2024 అక్టోబరులో అదే న్యాయస్థానమున న్యాయమూర్తి ప్రతిభా ఎం. సింగ్, కేన్సరుతో మరణించిన అవివాహిత యువకుడు చికిత్సకు ముందు వైద్యశాలలో భద్రపరచిన బీజము అతని ఆస్తిలో భాగమేయనియు, తల్లిదండ్రులు వారసులుగా దానిని పొందవచ్చుననియు నిర్ణయించిరి. ఈ రెండు తీర్పులు పరస్పర విరుద్ధములని నేననను. కాని రెంటిని ప్రక్కప్రక్కన పెట్టి చదివిన తల్లిదండ్రుల మనస్సులో ఒక ప్రశ్న పుట్టక మానదు: బిడ్డ బీజము మాకు దక్కునప్పుడు, బిడ్డ వ్రాసిన మాట మాకేల దక్కదు?

జర్మనీలో ఈ ప్రశ్నయే సూటిగా న్యాయపీఠము నెక్కినది. బెర్లిన్‌లో 2012లో భూగర్భ రైలు క్రింద పడి మరణించిన 15 ఏండ్ల బాలిక ఫేస్‌బుక్ ఖాతాను చూడనిండని తల్లిదండ్రులు వేడగా, డైరీలును ఉత్తరములును వారసులకు చెందునట్లే ఆ ఖాతా ఒప్పందమును చెందునని అచటి అత్యున్నత న్యాయస్థానము 2018 జూలైలో తీర్పు చెప్పినది. ఆ తీర్పులోని కరుణకు చేతులు జోడింతును. అయినను నా మనస్సు పూర్తిగా ఊరడిల్లలేదు. ఆ సంభాషణలలో ఆ బాలిక యొక్కతెయే లేదు, ఆమెను నమ్మి తమ గోడు చెప్పుకొన్న స్నేహితులు సజీవులై యున్నారు. మన దేశమున 2017 ఆగస్టు 24న తొమ్మండుగురు న్యాయమూర్తులు ఏకగ్రీవముగా గోప్యతను మౌలికహక్కుగా ప్రకటించినది ఇట్టి సజీవుల కొఱకే. కావున సొమ్మును వారసులందఱికిని, ఉత్తరములను మాత్రము వ్రాసినవారు స్వయముగా ఎన్నుకొన్న ఒక్క విశ్వాసపాత్రునికిని ఒప్పగించుటయే న్యాయమని నా అభిప్రాయము.

ఎన్నుకొనుట యనగా వీలునామా. ఇచ్చట పెక్కుమంది విద్యావంతులు పొరబడుచున్నారు. ఫోనులో టైపుచేసి దాచిన పత్రము, కుమార్తెకు వాట్సాప్‌లో పంపిన సందేశము, కెమెరాముందు కూర్చుండి చెప్పిన మాట, ఇవేవియు వీలునామాలు కావు. సమాచార సాంకేతిక చట్టము తన మొదటి షెడ్యూలులో వీలునామాను తన పరిధినుండి తొలగించినది. 2022లో ఆ షెడ్యూలును సవరించినప్పుడును దానిని ముట్టలేదు. డిజిటల్ సొత్తుకైనను 1925 నాటి భారత వారసత్వ చట్టము చెప్పినట్లు కాగితము, సంతకము, ఇద్దఱు సాక్షులు కావలసినదే. అందు ఖాతాల పేర్లుండవలెను. పాస్‌వర్డులు మాత్రము వ్రాయరాదు. వీలునామా న్యాయస్థానమునకు చేరినదా, పదిమంది కంట పడును. సంకేతపదములు వేరొక కాగితముపై వ్రాసి, లక్కముద్ర వేసి, అది యెచ్చటనున్నదో వీలునామాలో చెప్పిన చాలును.

ఈ చిన్న జాగ్రత్త లేనిచో నేమగునో జయపురము చెప్పును. కెనడాలో క్రిప్టో నాణెముల వ్యాపారము నడపిన జెరాల్డ్ కాటన్ అను యువకుడు 2018 డిసెంబరులో ఆ నగరమున మరణించెను. అంతకు పండ్రెండు దినముల ముందే వీలునామా వ్రాసినవాడే; కాని ఖాతాదారుల సొమ్మునకు తాళములు ఆయనకొక్కనికే తెలియునని సంస్థ ప్రకటించినది. సొమ్ము చాలవఱకు ఆయన బ్రతికియున్నప్పుడే మోసముచే హరించిపోయినదని 2020లో ఒంటారియో నియంత్రణ సంస్థ తేల్చినది. తాళము ఒక్కని చేత నున్నందున, పోయినది తాళమో సొమ్మో తెలిసికొనుటకే ఏడాదికి పైగా పట్టినది.

మరణమున కైన ఒక ధ్రువపత్రము కలదు. 21 దినములలో నమోదు చేయించిన, ఆ కాగితము చూపగనే తలుపులు మెల్లగనైనను తెరచుకొనును. మెదడులో రక్తనాళము చిట్లి, ఐసీయూలో నెలల తరబడి కన్ను తెరువని మనిషికి ఏ ధ్రువపత్రము కలదు? అతడు లేడు అనుటకు వీలులేదు, ఉన్నాడు అని బ్యాంకుకు చూపుటకును వీలులేదు. భార్య ప్రక్కనే యుండును, ఆయన ఫోనుకు ఓటీపీ వచ్చుచునే యుండును, వైద్యశాల కౌంటరువారు మరికొంత అడ్వాన్సు కట్టుడని అడుగుచునే యుందురు. ఆయన పేర నున్న డిపాజిటును ముట్టుటకు ఆమెకు అధికారము లేదు. ముందుగనే పవర్ ఆఫ్ అటార్నీ వ్రాయించితిమి, భయము లేదు అనుకొను దంపతులు ఈ నగరములో నెందఱో కలరు. వారికి ఎవరును చెప్పని సంగతి యేమనగా, 1872 నాటి కాంట్రాక్టు చట్టము 201వ సెక్షను ప్రకారము, అధికారమిచ్చినవాడు మరణించినను, మతి కోల్పోయినను, ఆ అధికారము అంతమగును. గొడుగు పట్టినవాని చేతినుండి సరిగా వాన మొదలైన క్షణముననే లాగుకొనినట్లు, అవసరము కలిగిన నాడే ఆ పత్రము చెల్లని కాగితమగుచున్నది. ఇంగ్లండులో అశక్తత తరువాతను నిలుచు అధికారపత్రమునకు చట్టము చోటిచ్చి దశాబ్దములు గడచినవి; మనకు నేటికిని లేదు.

అందుచేత దిక్కు హైకోర్టు. కోమాలో నున్నవారికి సంరక్షకుని నియమించు శాసనమేదియు లేదని గుర్తించి, కేరళ హైకోర్టు 2019లో రాజ్యాంగపు 226వ అధికరణము క్రింద మార్గదర్శకములు రూపొందింపగా, ఢిల్లీ హైకోర్టు 2020 జనవరిలో ఆ బాటనే త్రొక్కినది. వైద్యుల బృందము రోగిని పరీక్షింపవలెను, మేజిస్ట్రేటు కుటుంబమును, ఆస్తిని విచారింపవలెను, అటుపిమ్మట న్యాయస్థానము సంరక్షకుని నియమించును. దిక్కులేనివారికి దిక్కై నిలిచిన ఆ న్యాయమూర్తులకు ఎన్ని కుటుంబములు ఋణపడియున్నవో! కాని రిట్ పిటిషను వేయగల స్తోమత, వకీలును వెదకు ఓపిక, వైద్యశాల వసారాలో రాత్రులు గడపు ఇల్లాలికి ఎక్కడినుండి వచ్చును? ఇదే దేశములో, తన దేహమునకు ఎట్టి చికిత్స వలదో ముందుగనే వ్రాసిపెట్టుకొను హక్కును సుప్రీంకోర్టు 2018 మార్చిలో గుర్తించి, 2023 జనవరిలో ఆ విధానమును సులభతరము చేసినది. ప్రాణమును గూర్చి ముందుగా చెప్పనిచ్చిన దేశము, పాస్‌వర్డును గూర్చి, బ్యాంకు ఖాతాను గూర్చి ముందుగా చెప్పనీయకుండుట నాకెంత ఆలోచించినను అర్థము కాలేదు.

చట్టము వచ్చులోపల చేయదగినవి కొన్ని లేకపోలేదు. ఎన్ని నెలలు తాను మౌనముగా నున్నచో తన ఉత్తరములు ఎవరికి చేరవలెనో చెప్పు ఏర్పాటు గూగుల్‌లో 2013 నుండియు కలదు. ఆపిల్ 2021లో అట్టి వారసుని పేరు వ్రాసికొననిచ్చినది. గూగుల్ ఏర్పాటు మౌనమును మాత్రమే లెక్కించును గావున కోమాలోని మనిషికిని అక్కరకు వచ్చును. ప్రభుత్వపు డిజిలాకర్‌లో నామినీని చేర్చినచో, మరణానంతరము వాటాల, మ్యూచువల్ ఫండ్ల వివరములు చూచుటకు వీలు కలుగునట్లు సెబీ 2025 ఏప్రిల్ నుండి ఏర్పాటు చేసినది. పోయినవారి ఫోను నంబరును మాత్రము తొందరపడి రద్దు చేయింపకుడు. రద్దయిన నంబరును 90 దినములు ఆపి వేరొకరికి కేటాయింతురని ట్రాయ్ సుప్రీంకోర్టుకు విన్నవించియున్నది. వారి ఖాతాలు ఆ నంబరునుండి విడివడకముందే అది పరుల చేతికి పోరాదు.

పార్లమెంటు సభ్యులకు, ముఖ్యముగా ఈ నగరములో మన తెలుగు నేలకు ప్రాతినిధ్యము వహించువారికి, నా విన్నపము ఒక్కటే. కాంట్రాక్టు చట్టపు 201వ సెక్షనుకు ఒక్క మినహాయింపు చేర్చుడు: మనిషి స్వస్థచిత్తుడై, సాక్షుల ఎదుట, నేను అశక్తుడనైనను ఈ అధికారము నిలుచుగాక అని వ్రాసినచో, అది నిలువనిండు. 2027 మేలో డిజిటల్ నామినేషను అమలులోనికి వచ్చునప్పటికి ఈ సవరణయు సిద్ధమైనచో, ఐసీయూ వాకిట కూర్చున్న ఇల్లాలు హైకోర్టుకు పోనక్కరలేదు.