జనక్‌పురిలో కాపురం.. మండలంలో కాగితం

ఢిల్లీ జనక్‌పురిలో ఇద్దరు తెలుగువాళ్లు కొత్తగా కలిస్తే ముందు జిల్లా అడుగుతారు, ఆ వెంటనే మండలం. అక్కడ చుట్టరికం కలిసిపోతుంది. డీడీఏ ఫ్లాట్లలో పెరిగి, దుర్గాబాయ్ దేశ్‌ముఖ్ 1948లో స్థాపించిన ఆంధ్రా ఎడ్యుకేషన్ సొసైటీ వారి స్థానిక బడిలో చదివిన పిల్లలకు మండలం అంటే సెలవుల్లో చూసిన ఊరి పేరే. కుల ధ్రువీకరణ పత్రం అవసరపడినప్పుడు అసలు సంగతి తెలుస్తుంది. వలస వచ్చిన ఎస్సీ కుటుంబంలోని పిల్లలకు ఢిల్లీలో ఆ పత్రం ఇవ్వాలంటే తండ్రికి సొంత రాష్ట్రం ఇచ్చిన పత్రం చూపాలి. దేశ రాజధానిలో కొలువుకు వెళ్లే దారి కూడా ఊళ్లోని ఎమ్మార్వో ఆఫీసు మీదుగానే పోతుంది.

ఆ నాన్న పత్రాన్ని ఒకసారి చేతిలోకి తీసుకుని చూడండి. పాలకుర్తి నుంచి వచ్చినవారిదైతే, 2014కు ముందుదాని మీద ఆంధ్రప్రదేశ్, వరంగల్ జిల్లా అని ఉంటుంది. ఇప్పుడు తీసుకుంటే తెలంగాణ, జనగామ జిల్లా. రాష్ట్రం మారింది, జిల్లా మారింది, పాలకుర్తి మండలం మాత్రం మారలేదు. 1985కు ముందు ఇచ్చిన పత్రమైతే దాని మీద తాలూకా ముద్ర ఉంటుంది. ఆ తాలూకా ఇప్పుడు లేనే లేదు.

ఎన్టీఆర్ పేరు చెబితే అందరికీ రెండు రూపాయలకు కిలో బియ్యం గుర్తొస్తుంది. పల్లెలో ఎక్కువ కాలం నిలిచింది మాత్రం మండల వ్యవస్థేనని నా నమ్మకం. 1984లో కరణం, మునసబు వంటి వారసత్వ పదవులు రద్దయ్యాయి. భూమి లెక్కలు ఒక కుటుంబం పెట్టెలోంచి బయటికొచ్చాయి. మరుసటి ఏడాది తాలూకాలు పోయి వెయ్యికి పైగా మండలాలు వచ్చాయి. అడంగల్ నకలు కోసం కూలి పోగొట్టుకుని తాలూకా కేంద్రానికి వెళ్లే రైతుకు ఆఫీసు దగ్గరైంది.

ఆఫీసు దగ్గరగా ఉండాలన్న అవసరం థాయ్‌లాండ్‌లోనూ ఉంది. అక్కడ మన మండలం లాంటిది అంఫో. చియాంగ్ మాయి కొండల్లో కరెన్ గిరిజనులుండే మూడు తంబోన్‌లను (అంఫోలోని భాగాలను) మే చేమ్ అంఫో నుంచి విడదీసి 2009లో గల్యాణి వధన అనే చిన్న అంఫో ఏర్పాటు చేశారు. ఆ దేశంలో అది 878వది. కొండదారిలో మే చేమ్ దాకా వెళ్లిరావడం అక్కడి జనానికి భారమే కదా.

మన దగ్గర 2016లో తెలంగాణ 10 జిల్లాలను 31 చేసింది. మండలాలు 459 నుంచి 584 అయ్యాయి. 2022లో ఆంధ్రప్రదేశ్ 13 జిల్లాలను 26 చేసింది. ఆఫీసు దగ్గరికి రావడం మంచిదే. కానీ సర్వేయరు, రెవెన్యూ ఇన్‌స్పెక్టర్ కుర్చీల్లో మనుషులు లేకపోతే రైతుకు తిప్పలు తప్పవు, కొత్త బోర్డు అతని హద్దురాయి తేల్చదు.

దూరాన ఉన్నవారి మాటేమిటి? 2011లో మొదలైన మీసేవ చాలా తిరుగుడు తగ్గించింది. అయినా విచారణ ఊళ్లోనే జరుగుతుంది, పాత రికార్డు మండలంలోనే ఉంటుంది. రెండు రాష్ట్రాలూ ఢిల్లీలోని తమ భవన్‌లలో మండలాల దరఖాస్తులు తీసుకుని, విచారణ ఎక్కడిదాకా వచ్చిందో చెప్పే మనిషిని కూర్చోబెట్టాలి. ఊరికి రైలెక్కి, వారం సెలవు పెట్టే పని తప్పుతుంది. జనక్‌పురి వెస్ట్‌లో బ్లూలైన్ మెట్రో ఎక్కి, ఆ భవన్‌లకు వెళ్లడానికి మండీ హౌస్‌లో దిగితే చాలు.