గాలికీ శూన్యానికీ నడుమ వేల వోల్టులు

1969 నవంబరులో అపోలో 12 వ్యోమగాములు చంద్రుడి మీద ఉంచి వచ్చిన పరికరాలలో ఒకటి, అక్కడి అతి పలుచని వాయువుల పీడనాన్ని కొలిచే కోల్డ్ కాథోడ్ గేజి. అది పనిచేయాలంటే 4,500 వోల్టులు కావాలి. గేజి సుమారు 14 గంటలు పనిచేసి ఆగిపోయింది. చెడిపోయింది దానికి అధిక వోల్టేజి అందించే విద్యుత్ సరఫరా. అంతకు ఐదేళ్ల ముందు, 1964 జులై 20న, నాసా తొలిసారి రోదసిలో, అధిక వోల్టేజితో అయాన్లను చిమ్మి నడిచే అయాన్ ఇంజన్లను పరీక్షించింది. సెర్ట్-1 వ్యోమనౌక మోసుకెళ్లిన రెండింటిలో పాదరసంతో నడిచేది అరగంటకు పైగా పనిచేసింది. సీజియంతో నడిచేది అధిక వోల్టేజి షార్ట్ సర్క్యూట్ వల్ల అసలు మొదలే కాలేదు.

వోల్టేజిని పెంచడంలో పెద్ద చిక్కు లేదు. సౌరఫలకాల నుంచి వచ్చే కొన్ని పదుల వోల్టుల డీసీని ఏసీగా మార్చి, ట్రాన్స్‌ఫార్మర్‌తో కొంత పెంచి, ఆపైన డయోడ్లు, కెపాసిటర్లు నిచ్చెనమెట్లలా పేర్చితే వేల వోల్టులకు చేరుకోవచ్చు. 1932లో కేంబ్రిడ్జిలో కాక్‌క్రాఫ్ట్, వాల్టన్ పరమాణు కేంద్రకాన్ని చీల్చడానికి వాడినది ఈ అమరికనే. ఎక్కించిన వోల్టేజిని పక్కదారి పట్టకుండా ఏళ్ల తరబడి పట్టి ఉంచడమే కష్టం.

శూన్యంలో విద్యుత్తు ప్రవహించడానికి ఏమీ ఉండదు కదా, భూమి మీద కన్నా అక్కడే సులువు కావాలి అనిపిస్తుంది. ఆ ఊహ సగమే నిజం. వాయువులో విద్యుత్తు ఎప్పుడు తెగబడి దూకుతుందో 1889లో ఫ్రెడరిక్ పాషెన్ కొలిచి చూపాడు. తిరునాళ్లలో కిక్కిరిసిన జనం మధ్య ఎవరూ వేగంగా పరుగెత్తలేరు. మామూలు గాలిలో ఎలక్ట్రాన్ పరిస్థితి అదే. అణువులకు అడుగడుగునా తగులుతుంటే దానికి ఊపు రాదు. జనమే లేని మైదానంలో ఎంత పరుగెత్తినా ఢీకొనడానికి ఎవరూ దొరకరు. గట్టి శూన్యం అలాంటిది. జనం పలుచబడి, ఇంకా కొందరు మిగిలి ఉన్న వేళే ప్రమాదం. ఎలక్ట్రాన్ ఊపు అందుకుని అణువును ఢీకొంటుంది, అందులోంచి మరో ఎలక్ట్రాన్‌ను ఊడగొడుతుంది, ఆ రెండూ నాలుగవుతాయి.

సముద్రమట్టం దగ్గర ఒక సెంటీమీటరు గాలిని ఛేదించడానికి దాదాపు 30,000 వోల్టులు కావాలి. పీడనం ముప్పావు మిల్లీబారుకు పడిపోతే అదే ఖాళీని దాటడానికి సుమారు 330 వోల్టులు చాలు. మన ఇళ్లలోని 230 వోల్టుల ఏసీ కరెంటు శిఖర విలువ 325 అని గుర్తుచేసుకుంటే ఇది ఎంత తక్కువో తెలుస్తుంది. అంత పలుచని గాలి భూమికి 50 కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. రాకెట్ ఆ పొరను త్వరగానే దాటేస్తుంది, ఆ సమయంలో అధిక వోల్టేజిని ఆపి ఉంచితే సరిపోతుంది. అంగారకుడి మీద ఆ వెసులుబాటు లేదు. అక్కడ నేల మీది పీడనమే 6 మిల్లీబార్ల పరిసరాల్లో ఉంటుంది కనుక ఒక మిల్లీమీటరు ఖాళీ ఎప్పుడూ ప్రమాదపు అంచున ఉన్నట్టే.

రాకెట్ ఆ పొరను దాటినా, విద్యుత్ సరఫరా ఉన్న పెట్టెలోని గాలి ఆ దశను దాటుతుందా? ప్లాస్టిక్కులు, జిగుర్లు, తీగల తొడుగులు తమలో ఇంకిన నీటి ఆవిరిని, ద్రావకాలను శూన్యంలో మెల్లగా వదులుతూనే ఉంటాయి. బయట పరమ శూన్యం ఉన్నా పెట్టెలో ఆ గడ్డు పీడనమే రోజుల తరబడి నిలిచిపోవచ్చు. అందుకే పెట్టెకు గాలి పోయే రంధ్రాలు తగినంత పెద్దవిగా ఉంచాలి, ఆ తరువాత ఓపిక పట్టాలి. 2015 సెప్టెంబరు 28న శ్రీహరికోట నుంచి వెళ్లిన ఆస్ట్రోశాట్ ఉపగ్రహంలో, ముంబయి టాటా పరిశోధన సంస్థ తయారుచేసిన ఎక్స్-రే డిటెక్టర్లు సుమారు 2,300 వోల్టులతో పనిచేసేలా రూపొందించినవి. వాటిని ఆన్ చేసింది అక్టోబరు 19న. మూడు వారాలు ఏమీ చేయకుండా ఆగడం కూడా ఇంజనీరింగే.

రంధ్రాలకు బదులు, వోల్టేజి ఉన్న భాగాలన్నిటినీ ఎపాక్సీలోనో సిలికోన్‌లోనో ముంచి గట్టిపరచడం మరో మార్గం. దీన్నే పాటింగ్ అంటారు. నా దృష్టిలో నమ్మకమైన సరఫరాకూ నమ్మలేని సరఫరాకూ తేడా తేలేది సర్క్యూట్ బొమ్మలో కన్నా ఇక్కడే ఎక్కువ. పోసేటప్పుడు ఒక్క బుడగ చిక్కుకున్నా అందులో కొద్దిపాటి వాయువు ఉంటుంది. పైగా ఎపాక్సీ డైఎలక్ట్రిక్ స్థిరాంకం 4 పరిసరాల్లో ఉంటుంది కనుక పలుచని పగులులాంటి బుడగలో విద్యుత్ క్షేత్రం చుట్టుపక్కల కన్నా నాలుగు రెట్ల దాకా పెరుగుతుంది. దాంతో లోపల చిన్న చిన్న రవ్వలు రేగుతాయి. ఒక్కొక్కటి పికోకూలుంబుల లెక్కలో ఉంటుంది, సరఫరా ఏమీ ఎరగనట్టు నడుస్తూనే ఉంటుంది. ప్రతి రవ్వా బుడగ గోడను కాస్త కాలుస్తుంది. సరఫరా చెదలు పట్టిన దూలంలా పైకి బాగానే కనిపిస్తూ ఒకరోజు కూలుతుంది. అందుకే పోతను శూన్యంలో పోస్తారు. రవ్వల ఆవేశాన్ని భూమి మీదే కొలిచి, హద్దు మీరిన దాన్ని పక్కన పెడతారు.

వేడీ చలీ కూడా బుడగలను పుట్టిస్తాయి. ఎపాక్సీ వ్యాకోచించినంతగా సిరామిక్ కెపాసిటర్ వ్యాకోచించదు, కక్ష్యలో వేడెక్కి చల్లారే ప్రతిసారీ ఆ రెంటి మధ్య పట్టు వదులవుతుంది. మెత్తని సిలికోన్ ఆ ఒత్తిడిని ఓర్చుకుంటుంది గానీ ప్రైమర్ పూయకపోతే సరిగా అతుక్కోదు. ఇక మొన తేలిన టంకం, మిగిలిపోయిన ఫ్లక్స్, చేతిగుడ్డ నుంచి రాలిన పోగు, ఇవి ఏ లెక్కకూ అందని శత్రువులు. మొనల దగ్గర క్షేత్రం కేంద్రీకృతమవుతుంది కాబట్టి, మామూలు బోర్డు మీద మెచ్చుకునే సన్నని టంకాన్ని ఇక్కడ గుండ్రని బంతిలా నున్నగా వేస్తారు.

ఇంత చేసినా రవ్వ రేగవచ్చు. 1998 నవంబరు 10న డీప్ స్పేస్ 1 వ్యోమనౌక అయాన్ ఇంజన్ నాలుగున్నర నిమిషాలు నడిచి ఆగింది. ఇంజన్‌లో వెయ్యి వోల్టులకు పైగా తేడా ఉన్న రెండు లోహపు జల్లెడల మధ్య ఏదో నలుసు ఇరుక్కుందని భావించారు. సరఫరా తనను తాను ఆపుకుంది, కాలిపోలేదు. నౌకను తిప్పి జల్లెడలకు ఎండా నీడా తగిలేలా చేశారు. నవంబరు 24న మళ్లీ మొదలైన ఇంజన్ ఆ యాత్ర మొత్తంలో 16,000 గంటలకు పైగా నడిచింది.

1977లో బయలుదేరిన వాయేజర్ 1 ఎక్స్-బ్యాండ్ ట్రాన్స్‌మిటర్ గుండెకాయ, రేడియో సంకేతాన్ని బలపరిచే ఒక ట్రావెలింగ్ వేవ్ ట్యూబ్. అధిక వోల్టేజి లేనిదే అది పనిచేయదు. 2024 అక్టోబరులో నౌకలోని రక్షణ వ్యవస్థ ఆ ట్రాన్స్‌మిటర్‌ను ఆపేసి, 1981 తరువాత ఎన్నడూ వాడని ఎస్-బ్యాండ్‌కు మారింది. ఆ తరువాతి నెలలో ఇంజనీర్లు ఎక్స్-బ్యాండ్‌ను మళ్లీ ఆన్ చేశారు. నలభై ఏడేళ్ల నాటి సరఫరా దానికి కావలసిన వోల్టులను మళ్లీ అందించింది.